మనం రాయని రెండో అంకె

2025 మార్చి 5 రాత్రి కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో మూడు రోజులుగా సాగిన ఓట్ల లెక్కింపు ముగిసింది. మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానంలో బీజేపీ అభ్యర్థి చిన్నమైల్ అంజిరెడ్డి, కాంగ్రెస్ అభ్యర్థి వి. నరేందర్ రెడ్డి మీద 5,106 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఎవరు ఎందుకు గెలిచారు, ఎవరు ఎక్కడ దెబ్బతిన్నారు అన్నదాని మీద ఆ రాత్రి నుంచే హోటళ్లలో, స్టాఫ్ రూముల్లో, బార్ అసోసియేషన్లలో కావలసినంత చర్చ జరిగింది. అంత చర్చకు నోచుకోని అంకె ఒకటుంది. పోలైన 2,52,029 ఓట్లలో 28,686 ఓట్లు చెల్లలేదు.

నూటికి పదకొండు. గెలుపు తేడాకు ఐదింతల కన్నా ఎక్కువ. వేసినవాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లే. డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్లు గడిచిందని కాగితం చూపించి, దరఖాస్తు పెట్టుకుని, ఓటరుగా పేరెక్కించుకున్నవాళ్లు. పెన్‌గంగ ఒడ్డు నుంచి పటాన్‌చెరు దాకా 42 అసెంబ్లీ నియోజకవర్గాల్లో పరుచుకున్న ఈ స్థానంలో 3,55,159 మంది అలా నమోదయ్యారు. అందులో లక్ష మందికి పైగా పోలింగ్ కేంద్రం ముఖమే చూడలేదు. వచ్చినవాళ్లలో ఇరవై ఎనిమిది వేల మంది క్యూలో నిలబడి, వేలికి సిరా పెట్టించుకుని, ఖాళీ చేతులతో తిరిగి వచ్చినట్టే లెక్క. ఈ విషయం మన ఇళ్లలో, మన ఉద్యోగాల్లో, మన సంఘాల్లో సిగ్గుపడవలసిన విషయంగా ఇప్పటికీ మారలేదు. అదే నన్ను బాధిస్తోంది.

ఆ ఓటు పద్ధతి అంత కష్టమైనదా? చేతికి ఒక పెద్ద కాగితం ఇస్తారు. మొన్నటి ఎన్నికలో దాని మీద 56 మంది పేర్లు, ఫొటోలు ఉన్నాయి. పేరుకు ఎదురుగా ఖాళీ గడి. అక్కడే ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో మనకు అందరికన్నా నచ్చిన మనిషి గడిలో 1 అని రాయాలి. ఆ తర్వాత నచ్చినవాళ్లకు 2, 3, 4 అంటూ ఎంతమందికైనా రాయవచ్చు, మానవచ్చు. 1 మాత్రం తప్పనిసరి, అదీ ఒక్కరికే. అంకెను తెలుగులోనో, రోమన్‌లోనో రాసినా చెల్లుతుంది. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. టిక్కు కొడితే చెల్లదు. సంతకం పెట్టినా, పేరు రాసినా, ఓటరు ఎవరో తెలిసేలా ఏ గుర్తు పెట్టినా చెల్లదు. సొంత పెన్ను వాడకూడదు. ఇంతే. బ్యాంకులో డబ్బు తీసే కాగితం ఇంతకన్నా ఎక్కువ జాగ్రత్త అడుగుతుంది. అక్కడ మనం తప్పు చేయం, ఎందుకంటే అది మన డబ్బు. ఓటు కూడా మనదే అన్న పట్టింపు అంతగా లేకపోవడమే ఈ 28,686 వెనక ఉన్న కారణమని నా అభిప్రాయం. తెలియకపోవడం కొంతే. తెలుసుకోవాలన్న పట్టింపు లేకపోవడమే ఎక్కువ.

అదే రోజు, అవే జిల్లాల్లో ఉపాధ్యాయుల స్థానానికి కూడా ఇదే పద్ధతిలో ఓట్లు పడ్డాయి. 25,041 మంది ఓటేస్తే 897 చెల్లలేదు. మల్క కొమరయ్య 12,959 మొదటి ప్రాధాన్య ఓట్లతో కోటా దాటి మొదటి లెక్కలోనే గెలిచారు. ఉపాధ్యాయులు కూడా మనుషులే, వాళ్లూ తప్పు చేస్తారు. కానీ వంద మందికి నలుగురి కన్నా తక్కువ. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ వాళ్ల సంఘాలు కాగితం పట్టుకుని కూర్చోబెట్టి నేర్పించుకుంటాయి. పట్టభద్రులకు అలా కూర్చోబెట్టేవాళ్లు లేరు. ఉన్నవాళ్లు తమ అభ్యర్థి గడిలో 1 రాయించుకునేదాకే నేర్పుతారు.

ఆ 1 దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

చెల్లిన 2,23,343 ఓట్లలో సగానికి పైన ఒకటి కలిపితే కోటా వస్తుంది: 1,11,672. మొదటి ప్రాధాన్య ఓట్లు లెక్కించినప్పుడు అంజిరెడ్డికి 75,675, నరేందర్ రెడ్డికి 70,565, బీఎస్పీ అభ్యర్థి ప్రసన్న హరికృష్ణకు 60,419 వచ్చాయి. ఎవరూ సగం దరిదాపులకు రాలేదు. అప్పుడు ఏం చేస్తారంటే, అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని పోటీ నుంచి తప్పిస్తారు. ఆయన కట్టలోని కాగితాలను ఒక్కొక్కటిగా తీసి, ఆ ఓటరు 2 ఎవరికి రాశాడో చూసి, ఆ అభ్యర్థి కట్టలోకి చేరుస్తారు. ఆ తర్వాత కింది నుంచి మరొకరు. ఇలా 53 మందిని తప్పించారు. చివరికి హరికృష్ణ కట్టనూ విప్పారు.

ఇక్కడ కాస్త ఆగి ఒక కాగితాన్ని దగ్గర్నుంచి చూద్దాం. కాగజ్‌నగర్‌లోనో, మెట్‌పల్లిలోనో ఒక పట్టభద్రుడు తనకు తెలిసిన స్వతంత్ర అభ్యర్థికి 1 రాశాడనుకుందాం. మంచి మనిషి, గెలవడని తెలుసు, అయినా మనసు చెప్పినట్టు రాశాడు. ఆ అభ్యర్థిని పోటీ నుంచి తప్పించిన రోజు లెక్కింపు టేబుల్ మీద ఆ కాగితాన్ని సిబ్బంది తిరగేసి చూస్తారు. 2 కోసం వెతుకుతారు. ఏ గడిలోనూ రెండో అంకె లేదు. ఆ కాగితం ఇక ఏ కట్టలోకీ పోదు. పక్కన పెట్టేస్తారు. అది చెల్లని ఓటు కాదు, చక్కగా చెల్లిన ఓటే. కానీ ఆఖరి ఇద్దరిలో ఎవరు శాసన మండలికి వెళ్లాలన్న ప్రశ్న వచ్చేసరికి ఆ కాగితం మాట్లాడదు.

అలాంటివి ఎన్ని? చివర్లో బరిలో ఇద్దరే మిగిలారు. అంజిరెడ్డికి 98,637, నరేందర్ రెడ్డికి 93,531. రెండూ కలిపితే 1,92,168. చెల్లిన ఓట్లలోంచి దీన్ని తీసేస్తే 31,175 మిగులుతాయి. అంటే ముప్పై ఒక్క వేల మంది ఓట్లు చెల్లి కూడా దారిలోనే ఆగిపోయాయి. వాటికి చెల్లని 28,686 కలపండి. దాదాపు అరవై వేలు. పోలింగ్ కేంద్రానికి నడిచి వచ్చిన నలుగురు పట్టభద్రుల్లో ఇంచుమించు ఒకరికి ఆఖరి తీర్పులో భాగం లేదు. ఇద్దరిలో ఏ ఒక్కరూ కోటా అందుకోలేదు. ఎక్కువ ఓట్లున్నవారిని గెలిచినట్టు ప్రకటించారు. అంజిరెడ్డి గెలుపులో ఏ లోపమూ లేదు. నియమం ప్రకారమే గెలిచారు. లోపం ఉన్నది మన దగ్గర, సగం మంది సమ్మతితో ఒక మనిషిని పంపే అవకాశాన్ని చేతుల్లో పెట్టుకుని జారవిడుచుకున్నాం.

‘మా ఆయనకే మొదటి ఓటు. రెండోది ఎవరికీ ఎయ్యకుండ్రి, ఎస్తే మనకే నష్టం’ అని ఊళ్లలో, కాలనీల్లో చెప్పే మాట చాలామంది వినే ఉంటారు. ఇది పచ్చి అబద్ధం, దీన్ని గట్టిగా చెప్పాలి. మీరు 1 వేసిన అభ్యర్థి బరిలో ఉన్నంతసేపూ మీ 2 వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. ఆయన పోటీ నుంచి పోయాకే అది బయటికి వస్తుంది. మీ రెండో అంకె మీ మొదటి అంకెను ఏనాడూ దెబ్బతీయదు. ఈ భరోసా ఈ పద్ధతిలోనే ఉంది. తెలిసి కూడా ఆ అబద్ధం చెప్పేవాళ్లు మన ఓటును తమ అభ్యర్థితోపాటు పాతిపెట్టమంటున్నారు. వాళ్ల మాట విని మనం మౌనంగా సగం కాగితం ఖాళీగా వదిలేసి వస్తున్నాం.

రెండో అంకె రాయడానికి మనం వెనుకాడేందుకు మరో కారణం కూడా ఉంది, అది ఇంకా లోతైనది. 1 రాయడం తేలిక. మన పార్టీ, మన కులం, మన సంఘం, మన ఊరి మనిషి, ఏదో ఒకటి మన చేత రాయిస్తుంది. 2 రాయాలంటే అవన్నీ పక్కనపెట్టి ఆలోచించాలి. మనవాడు లేకపోతే ఎవరు? మనకు పరిచయం లేనివాళ్లలో, మన పార్టీ కానివాళ్లలో, మన వాడకట్టు కానివాళ్లలో పనిమంతుడు ఎవరు? ఈ ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి, జవాబు మనమే వెతకాలి. అందుకే అది బరువుగా ఉంటుంది. ఆ బరువు మోయడమే పౌరుడి పని అనుకుంటాను.

1969లో దేశానికే ఈ ప్రశ్న ఎదురైంది. రాష్ట్రపతి ఎన్నికలోనూ ఇదే ప్రాధాన్య పద్ధతి. ప్రధాన పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య: అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికార అభ్యర్థి, బరంపురంలో పుట్టిన వి.వి. గిరి స్వతంత్రుడు. మూడో ప్రధాన అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. సొంత పార్టీ నిలబెట్టిన అభ్యర్థి ఉండగానే ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమన్నారు. ఆ పిలుపు వెనక ఎంత రాజకీయం ఉన్నా, ఆ ఎన్నిక ఫలితాన్ని తేల్చింది మాత్రం రెండో అంకె. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ గల ఓట్లు. కోటా 4,18,169. గిరి అందుకోలేదు. ఇతరుల రెండో ప్రాధాన్యాలు లెక్కించాక గిరి 4,20,077తో గట్టెక్కారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. చూడండి, మొదటి లెక్కలో దాదాపు 88 వేలున్న తేడా 15 వేల లోపుకు వచ్చింది. దేశ్‌ముఖ్‌కు 1 వేసినవాళ్లు 2 రాయకుండా వదిలేసి ఉంటే ఆ ఎన్నికలో వాళ్ల మాట దేశ్‌ముఖ్‌తోనే ముగిసేది. వాళ్లు వదిలేయలేదు. ఎక్కువ మంది సంజీవరెడ్డి వైపు, కొందరు గిరి వైపు తమ మాట చెప్పారు. ఎటు చెప్పారన్నది కాదు, చెప్పారు.

మన ఉత్తర తెలంగాణలో ఇప్పుడు ఎమ్మెల్యే నుంచి సర్పంచ్ దాకా మిగతా ఎన్నికలన్నీ వేరే పద్ధతిలో జరుగుతాయి. ఎవరికి అందరికన్నా ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లదే గెలుపు. ఒక్క గుర్తు, ఒక్క పేరు, అయిపోయింది. 2023 నవంబర్ 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికలో సిర్పూర్ ఫలితం గుర్తుందా? బీజేపీ నుంచి పాల్వాయి హరీశ్ బాబుకు 63,702, బీఆర్ఎస్ నుంచి కోనేరు కోనప్పకు 60,614, బీఎస్పీ నుంచి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్‌కు 44,646 ఓట్లు. 3,088 ఓట్ల తేడాతో హరీశ్ బాబు గెలిచారు. ఓటేసిన ముగ్గురిలో ఇద్దరు ఆయనకు వెయ్యలేదు. ప్రవీణ్ కుమార్‌కు వేసిన నలభై నాలుగు వేల మంది మిగతా ఇద్దరిలో ఎవరిని కోరుకునేవాళ్లు? సగం సగమా? అంతా ఒకే వైపా? ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అదే రోజు కరీంనగర్‌లో గంగుల కమలాకర్‌కు 92,179, బండి సంజయ్‌కి 89,016. తేడా 3,163. మూడో స్థానంలో కాంగ్రెస్‌కు నలభై వేల దాకా పడ్డాయి. అక్కడా అదే కథ.

ఇలాంటి చోట ఓటరు మనసులో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. నచ్చినవాడికి వేస్తే ఓటు వృథా పోతుందేమోనన్న భయం. దాంతో నచ్చని ఇద్దరిలో తక్కువ నచ్చనివాడికి గుద్ది వస్తాం. పార్టీలకు ఇది బాగా తెలుసు. అందుకే ‘ఆయనకు వేస్తే ఇతను గెలుస్తడు’ అని చివరి రెండు రోజులు ప్రచారం చేస్తారు. ఓట్లు చీల్చడానికే మనిషిని నిలబెట్టడం, ఒకే పేరున్న వాళ్ల చేత నామినేషన్ వేయించడం ఈ పద్ధతి నీడలో పుట్టిన రోగాలే.

2019లో నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో 185 మంది పోటీ చేశారు. అందులో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. జగిత్యాల, కోరుట్ల రైతులూ ఆ నియోజకవర్గంలోనే ఉన్నారు, అవి మన పాత కరీంనగర్ జిల్లా ముక్కలే. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం ఆ రైతులు డిపాజిట్ పోతుందని తెలిసే నామినేషన్ వేశారు. పోలింగ్‌కు ప్రత్యేక యంత్రాలు తెప్పించాల్సి వచ్చింది. దేశమంతా చూసింది. కానీ ఓటేసేచోట రైతు అభ్యర్థికి వేసిన మనిషికి రెండు ముక్కలు చెప్పే వీలు లేకపోయింది. నా ధర సంగతి ముందు వినండి, ఆ తర్వాత ఫలానావాళ్లు ఎంపీ కావాలి అని ఒకే కాగితం మీద చెప్పగల పద్ధతి ఉండి ఉంటే, ఆ నిరసనకూ బరువుండేది, ఆ ఓటుకూ బరువుండేది. ఒక్క గుర్తు మీదే వేలు పెట్టాలంటే రైతు ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

ఆస్ట్రేలియాలో ఇలాంటి పద్ధతి రావడానికి రైతులే కారణమయ్యారు. 1918 అక్టోబర్‌లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. అధికార పక్షానికీ, రైతుల అభ్యర్థికీ మధ్య ఓట్లు చీలి, దాదాపు 34 శాతంతో లేబర్ అభ్యర్థి గెలిచారు. ఆ దెబ్బతో ఆ ఏడాదే ప్రాధాన్య ఓటు చట్టం వచ్చింది. అప్పటి నుంచి అక్కడి దిగువ సభకు ఇదే పద్ధతి. అధికార పక్షం తన లాభం చూసుకునే తెచ్చిందన్నది నిజం. అయినా రైతుల పార్టీ ఒకటి నిలబడి బతకడానికి ఆ చట్టం చోటిచ్చిందన్నదీ నిజం.

సగం మంది మద్దతు రావాలంటే ఇంకో దారి ఉంది కదా అని అడిగేవాళ్లున్నారు. మొదటి విడతలో ఎవరికీ సగం రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్ పెట్టడం. మన లా కమిషన్ కూడా 1999లో 170వ నివేదికలో యాభై శాతం దాటాలన్న ఆలోచనను చర్చించింది. ఈ దారిని తీసిపారేయను. రెండు వారాల వ్యవధిలో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, కొత్త వాదనలు విని, మళ్లీ ఆలోచించే అవకాశం ఓటరుకు దొరుకుతుంది. 1, 2, 3 రాసే ర్యాంకు పద్ధతిలో ఆ రెండో చర్చ ఉండదు, ముందే అన్నీ రాసెయ్యాలి. ఇది చిన్న లోటు కాదు.

కానీ మన జిల్లాల జీవితం చూడండి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్ల నుంచి ఎంతమంది భీవండిలో, సూరత్‌లో, ముంబైలో, దుబాయ్‌లో ఉన్నారు! ఓటు కోసం ఒకసారి రావడమే గగనం, రెండోసారి ఎవరొస్తారు? అసెంబ్లీ పోలింగ్ నవంబర్ చివర్లో జరిగితే రెండో విడత డిసెంబర్‌లో పడుతుంది. ఆదిలాబాద్ జిల్లాలో అది పత్తి ఏరే కాలం. కూలి పోగొట్టుకుని మళ్లీ పోలింగ్ కేంద్రానికి రమ్మని ఆదివాసీ గూడెంలో ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? రెండో విడతకు ఎవరు వస్తారో ఎవరు రారో ముందే ఊహించవచ్చు. పైగా రెండో విడత అంటే డబ్బు సంచులు రెండోసారి విప్పడమే. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో డబ్బు కవర్లు తమకు అందలేదని జనం బయటికొచ్చి అడిగిన రోజులు మనం చూశాం. అలాంటి రోజులను రెట్టింపు చేయడం ఎవరికి మేలు?

రెండో విడత ఉన్నంత మాత్రాన చీలిక పోదు కూడా. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికలో 16 మంది నిలబడ్డారు. వామపక్ష ఓట్లు అనేక చోట్లకు చెదిరి, ప్రధానిగా ఉన్న లియోనెల్ జోస్పాన్ 16.18 శాతంతో మూడో స్థానానికి పడిపోయారు. 16.86 శాతంతో తీవ్ర మితవాది జాఁ మరీ లె పెన్ రెండో విడతకు చేరారు. రెండో విడతలో, మొదటి స్థానంలో నిలిచిన మితవాది షిరాక్‌కు 82 శాతం వచ్చింది. చాలామంది వామపక్ష ఓటర్లు ఇష్టం లేకపోయినా ఆయనకు వేశారు. మొదటి విడతలోనే 2, 3 రాసుకునే వీలుంటే ఆ చెదురు ఓట్లు చాలావరకు ఒక చోటికి చేరేవి.

ర్యాంకు పద్ధతి అన్ని రోగాలకూ మందు అని మాత్రం నేను అనను, అలా అనేవాళ్లను నమ్మవద్దు. మధ్యేమార్గపు మనిషిని అది ముందే తప్పించగలదు. 2022 ఆగస్టులో అలాస్కాలో జరిగిన అమెరికా ప్రతినిధుల సభ ఉప ఎన్నికలో మేరీ పెల్టోలా, సారా పేలిన్, నిక్ బెగిచ్ మిగిలారు. తక్కువ ఓట్లు వచ్చిన బెగిచ్‌ను తప్పించాక పెల్టోలా గెలిచారు. ఆ తర్వాత ఓటు పత్రాల వివరాలు బయటపెట్టి లెక్కేస్తే, బెగిచ్ విడివిడిగా ఇద్దరిలో ఎవరితో తలపడినా గెలిచేవాడని తేలింది. ఎక్కువమందికి రెండో ఇష్టమైన మనిషి మొదటి అంకెలు తక్కువై పోటీ నుంచి పోయాడన్నమాట. మన పట్టభద్రుల లెక్కింపులోనూ అలాంటిది జరగదని హామీ ఏమీ లేదు. డబ్బును కూడా ఈ పద్ధతి ఆపలేదు. 1 కోసం పంచేవాడు 2 కోసం కూడా పంచగలడు. లెక్కింపు రోజుల తరబడి సాగుతుంది, కాగితం తప్పుగా నింపేవాళ్లు ఉంటారు. ఇవన్నీ నిజాలే.

అయినా మూడు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే మన జిల్లాలకు నేను కోరుకునేది ఈ ర్యాంకు పద్ధతినే. ఒకే రోజు ఒకే క్యూలో నిలబడి, మనసులో మాట దాచుకోకుండా, ఓడినవాళ్లకు వేసినవాళ్ల మాట కూడా వినిపించేలా ఓటెయ్యగలగడం చిన్న విషయం కాదు. చట్టం మార్చి అసెంబ్లీకీ, పంచాయతీకీ ఇది తెమ్మని అడగవచ్చు, అడగాలి. కానీ అడిగేముందు ఒక ప్రశ్నకు మనం జవాబివ్వాలి. చేతిలో ఉన్న ఒక్క ఎన్నికలో నలుగురిలో ఒకరి ఓటు వృథా చేసుకున్నవాళ్లం ఏ ముఖంతో పద్ధతి మార్చమంటాం? అసెంబ్లీలో ఎవరైనా లేచి, చదువుకున్నవాళ్లకే చేతకాలేదు, చదువు లేనివాళ్లకు ఎలా పెడతాం అంటే ఏం చెబుతాం? నా దగ్గర ఒక జవాబుంది. చదువు లేనివాళ్లు కూలీ లెక్కలూ, చిట్టీల లెక్కలూ ఎంత పక్కాగా చూసుకుంటారో మనకు తెలుసు, వాళ్లు నేర్చుకుంటారు. నేర్పవలసిన మనం నేర్చుకోలేదు. ఈ జవాబు చెప్పడానికి నాకు నోరు రాదు.

కాబట్టి ఇది పట్టభద్రులందరికీ కలిపి చెబుతున్న మాట. తప్పు ఎవరో ఒకరిది కాదు, అందుకే దిద్దుకోవడం కూడా ఒక్కొక్కరి పని కాదు. మన కాలనీ సంక్షేమ సంఘాలకు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాం, బార్ అసోసియేషన్‌కు, ఉద్యోగ సంఘానికి, పాల సొసైటీకి, పూర్వ విద్యార్థుల సంఘానికి ఎన్నుకుంటాం. వాటికి నియమాలు మనమే రాసుకోగలం. ముగ్గురు పోటీ ఉన్న ప్రతిచోటా కాగితం మీద 1, 2, 3 రాసే పద్ధతి పెట్టుకుంటే ఎవరు అడ్డుకుంటారు? లెక్కింపు అందరి ముందు టేబుల్ మీద చేయండి. కట్ట విప్పి రెండో అంకె చూసే క్షణంలో ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒకసారి కళ్లారా చూసిన మనిషికి మళ్లీ చెప్పనక్కరలేదు.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏకగ్రీవం పేరుతో సర్పంచ్ పదవిని వేలం పాడే ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. గుడి కట్టిస్తాననో, బోరు వేయిస్తాననో ఎక్కువ పాడినవాళ్లకు పదవి. ఊరు కలిసి ఉండాలన్న కోరిక మంచిదే, ప్రభుత్వం ఇచ్చే నజరానా కూడా ఊరికి పనికొస్తుంది. కానీ ఊరి పెద్దరికాన్ని అమ్ముకుని తెచ్చుకున్న ఏకగ్రీవంలో దళితవాడ మాటకు, ఆడవాళ్ల మాటకు చోటెక్కడ? నామినేషన్లకు ముందే ఊరందరూ స్కూలు ఆవరణలో చీటీల మీద వరుస రాసి వేసి, సగానికి పైగా ఒప్పుకున్న మనిషిని నిలబెట్టుకోండి. మిగతావాళ్లు నామినేషన్ వేయకుండా ఉంటారా లేదా అన్నది వాళ్ల హక్కు, వాళ్ల మనసు. ఎవరినీ బలవంతం చేయలేం, చేయకూడదు. కనీసం ఊరి మాట ఏమిటో అందరికీ తెలుస్తుంది, అదీ డబ్బు ప్రమేయం లేకుండా.

పార్టీల కార్యకర్తలకు ఒక మాట. గత ఎన్నికలో మన రోడ్ల మీది ఫ్లెక్సీలన్నీ ‘మొదటి ప్రాధాన్య ఓటు’ అడిగినవే. రెండో అంకె గురించి నిజం చెప్పే ధైర్యం మీ నాయకులకు లేకపోతే మీరైనా చెప్పండి. మీ తమ్ముడికి, మీ చెల్లెలికి ఓటు కాగితం నింపడం సరిగ్గా నేర్పకుండా వాళ్ల ఓటు అడగడం న్యాయమా?

ఉపాధ్యాయులకు, అధ్యాపకులకు ఇంకా పెద్ద బాధ్యత. క్లాస్ లీడర్‌ను చేతులెత్తించి ఎన్నుకునే బదులు ఈ పద్ధతిలో ఎన్నిక పెట్టండి, ఒక్క పీరియడ్ చాలు. పిల్లల చేతే కట్టలు కట్టించండి, వాళ్ల చేతే కోటా లెక్క వేయించండి. నాలుగు లెక్కలు వస్తాయి, ఒక పౌరశాస్త్ర పాఠం వస్తుంది, ఓడిన అమ్మాయి కట్ట విప్పినప్పుడు ఆమెకు వేసినవాళ్ల మాట ఎటు పోయిందో అందరికీ కనిపిస్తుంది.

మన పట్టభద్రుల స్థానానికి పదవీకాలం ఆరేళ్లు. అంటే తర్వాతి ఎన్నిక 2031 మొదట్లో. పాత జాబితా అప్పుడు పనికిరాదు. ప్రతి ఎన్నికకూ పట్టభద్రుల ఓటరు జాబితా కొత్తగా రాస్తారు, అందరూ మళ్లీ ఫారం 18 నింపాల్సిందే. 2030 నవంబర్ నాటికి శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలోని ప్రతి డిగ్రీ కళాశాల, అలాగే ఆదిలాబాద్, మంచిర్యాల, నిర్మల్‌లోని ప్రతి డిగ్రీ కళాశాల, తన పాత విద్యార్థులను ఒక్కరోజు పిలిపించాలి. ఆ ఫారం నింపించాలి. యాభై పేర్లున్న నమూనా ఓటు పత్రం చేతికివ్వాలి, ఊదారంగు స్కెచ్ పెన్ను ఇవ్వాలి, రాయించాలి. రాసిన వాటిని అందరి ముందు లెక్కించి, చెల్లనివి ఎన్నో, రెండో అంకె లేనివి ఎన్నో ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద పెట్టాలి.